ఎదురింటి వెలుగు

ఆ పేటలో ఏ రెండిళ్లూ ఒకే రంగులో ఉండవు. వంకాయ రంగు గోడను ఆనుకుని నిమ్మపండు రంగు గోడ. దాని పక్కన, ఎవరో మనసు మార్చుకుని సగంలో వదిలేసిన గులాబీ. ఒక ఇంటి మెట్లు ఒక్కొక్కటీ ఒక్కో రంగు, ఎక్కుతుంటే పాదాలకు గాజులు తొడిగినట్టుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు సందు మొదట్లో ఆగి కళ్లు చికిలిస్తారు. పాతవాళ్లు అరుగుల మీంచి చూసి నవ్వుకుంటారు.

వీధి మధ్యలో ఆకుపచ్చ గోడల ఇల్లు రఫూ అక్కది. చిరిగిన బట్టకు అదే రంగు దారం వెతికి, పోగు మీద పోగు నేసి, చిరిగిన చోటు కనబడకుండా చెయ్యడం ఆమె పని. ఆమెకూ ఒక పేరుండే ఉంటుంది. పిలిచేవాళ్లు లేక అది పెట్టె అడుక్కి చేరింది.

పని నేర్పింది మేనత్త. "మంచి రఫూ అంటే మనం చేసినట్టు ఎవరికీ తెలియకపోవడమే పిల్లా. మెచ్చుకోళ్లు కావాలంటే వెళ్లి ఎంబ్రాయిడరీ నేర్చుకో" అనేది. మేనకోడలు రఫూయే నేర్చుకుంది.

భర్తతో పొసగక, చేతిలో దారాల డబ్బా తప్ప ఏమీ లేకుండా బయటికొచ్చినప్పుడు, గది కోసం ఆమె ఊరంతా తిరిగింది. తలుపు తీసిన ప్రతివాళ్లూ వెంట మగమనిషి ఉన్నాడేమోనని ఆమె భుజం మీదుగా వెనక్కి చూసేవాళ్లు. "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అనేవాళ్లు. ఈ పేటలో ఇంటావిడ మాత్రం వక్క రంగు తలుపు తీసి, ఆమెను ఎగాదిగా చూసి, ఒక్కటే అడిగింది.

"గోడకి ఏ రంగేసుకుంటావ్?"

నీకేం కావాలని అంతవరకూ రఫూ అక్కను అడిగినవాళ్లు లేరు. ఏదో ఒకటి అనాలి కాబట్టి ఆకుపచ్చ అంది. అన్న తర్వాత ఆ రంగునే ప్రేమించింది. కొన్నేళ్లకు ఆ ఇల్లే కొనుక్కుని, మేడమీద గది చెల్లెలికిచ్చింది. చెల్లెలు సిటీ బస్సు నడుపుతుంది. రోజంతా హారను మోగించి, ఇంటికొచ్చాక నోటితో మోగిస్తుంది.

ఒకసారి కొందరు పెద్దమనుషులు వీధివాళ్లను పోగేసి, అన్ని ఇళ్లకూ ఒకటే మీగడ రంగు వేయిద్దాం, హుందాగా ఉంటుంది అన్నారు. ఎక్కడా పెదవి విప్పని రఫూ అక్క ఆ రోజు లేచి నిలబడింది.

"నా గోడ సంగతి మీకెందుకండీ? చూడలేకపోతే కళ్లు పక్కకి తిప్పుకోండి."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆమె మాట పృథివి దాకా పోలేదు గానీ, వీధికి చట్టమై కూర్చుంది. ఒకరి జుట్టు గురించి మరొకరు సణిగినా, ఒకరి పాట మరొకరికి గోలనిపించినా, "కళ్లు తిప్పుకో, చెవులు తిప్పుకో, రఫూ అక్క చెప్పింది" అనడం అక్కడ అలవాటైపోయింది.

కష్టం వచ్చింది అందరూ చూస్తుండగానే. అది కష్టమని మాత్రం ఆమె పోల్చుకోలేదు.

లైబ్రరీలో పనిచేసే ఒకావిడ బూడిద రంగు ఉన్ని కోటు ఒకటి తెచ్చింది. వాళ్లమ్మది. మోచేతి దగ్గర పురుగు కొట్టింది. రఫూ అక్క ఎప్పటిలాగే పొద్దున్నే వీధి కిటికీ పక్కన కూర్చుని, బూడిద రంగుల్లో పది రకాలు కోటు మీద పరిచి, ఒకటి ఎంచి నేసింది. లైబ్రరీ ఆవిడ వచ్చి, వేలితో తడిమి, "ఎక్కడండీ చిరుగు?" అని మురిసిపోయింది. వీధిలోకి వెళ్లింది. వెంటనే వెనక్కి వచ్చింది.

"ఏమండీ, ఒకసారి బయటికొస్తారా?"

ఎండలో కోటు మోచేతి మీద నీలం డాగు. కమిలిన దెబ్బలా ఉంది. లోపలికి తెస్తే మాయమైంది. బయటికి తీసుకెళ్తే మళ్లీ పొడుచుకొచ్చింది.

"నాకు మార్చి ఇవ్వండి, తొందరేం లేదు. అమ్మ కోటు కదా, అందుకని..." అని ఆవిడే నొచ్చుకుంది. రఫూ అక్కకు తేలు కుట్టినట్టయింది. ఆ వారంలోనే ఇంకో చీర, ఒక పిల్లవాడి స్కూలు నిక్కరు అలాగే తిరిగొచ్చాయి.

కళ్లడాక్టరు దగ్గరికి వెళ్లింది. "కళ్లు బంగారంలా ఉన్నాయమ్మా" అన్నాడాయన. ఆ మాటతో ఆమె భయం తగ్గలేదు, పెరిగింది. కళ్లు పోతే కళ్లజోడుంది. లోపల రంగును రంగుగా గుర్తుపట్టేదేదో పోతే దానికి ఏ జోడు పెట్టుకోవాలి? ఈ పని తప్ప ఆమెకు ఇంకో పని రాదు. ఈ పని వల్లే ఆ ఇంటి తలుపు ఆమెది, ఆ తాళంచెవి ఆమెది.

ఒక పొద్దున కుట్టు విప్పుతూ, తెల్లదారం ఉండ చేత్తో పట్టుకునే పొయ్యి మీద నీళ్లు చూడ్డానికి వంటింట్లోకి వెళ్లింది. అక్కడ ఉండ తెల్లగా ఉంది. అందులో వింతేముంది? కానీ ఇప్పటిదాకా కిటికీ దగ్గర అది తెల్లగా లేదని అప్పుడు తట్టింది. మళ్లీ ముందు గదిలోకి వచ్చింది. దారం మెల్లగా పండింది. వెనక్కి వెళ్లింది, తెల్లబడింది. తలెత్తి కిటికీలోంచి చూసింది.

ఎదురింటి గోడ. నిండు నారింజ. పొద్దుటి ఎండ దాని మీద పడి, వీధి దాటి, ఆమె గదిలోకొచ్చి, ఆమె దారాలన్నిటికీ తన రంగు పూస్తోంది. ఆ వెలుగులో నీలం కలిసిన పోగు కూడా ఉత్త బూడిదలాగే కనబడుతుంది.

ఆ ఇల్లు బ్యాండు మాస్టారిది. ముప్ఫయ్యేళ్లు ట్రంపెట్ ఊది ఈ మధ్యే మానేశాడు. మానేసిన వారానికే నిచ్చెనెక్కి తనే గోడకు రంగేశాడు. "బతుకంతా ఇంకోళ్లు కుట్టించిన కోటు తొడిగా. ఇప్పుడు గోడకైనా నాకు నచ్చింది తొడుగుతా" అని నిచ్చెన మీంచి అరిచాడు. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో రఫూ అక్క కూడా ఉంది.

సాయంత్రం విషయం విని చెల్లెలు కడుపు పట్టుకుని నవ్వింది.

"బాగుందక్కా! నీ చట్టం తిరిగొచ్చి నిన్నే గుద్దింది. కళ్లు పక్కకి తిప్పుకో మరి!"

"ఏడిసినట్టుంది. పని పోతోందే నాకు."

"పోతుంటే వెళ్లి అడుగు. నోరు లేదా? ఆయనేం పులా?"

"ఏమని అడగనే? నా కోసం నీ గోడ మార్చుకోమనా?"

"అవును, అలాగే. వీధి నవ్వుతుందనా నీ బాధ? నవ్వనీ. నవ్వితే కడుపు నిండుతుందా, ఎండుతుందా?"

వీధి నవ్వుతుందని కాదు. ఆ ప్రశ్న అడిగిన క్షణాన తను, ఒకప్పుడు తన భుజం వెనక్కి చూసినవాళ్ల వరసలోకి వెళ్లి నిలబడుతుంది. రెండ్రోజులు పని ముట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం, ఎండ పడమటికి వాలాక, కోటు మడిచి చంకలో పెట్టుకుని వీధి దాటింది.

అన్నేళ్లూ గుమ్మం దగ్గరి పలకరింపులే గానీ, ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదలు. లోపలికి వెళ్లగానే ఆగిపోయింది. గదంతా పచ్చగా ఉంది. సున్నం గోడలు, మంచం మీద దుప్పటి, మాస్టారి తెల్ల జుట్టు, అన్నీ చెరువు అడుగున ఉన్నట్టున్నాయి. కిటికీలోంచి చూస్తే ఎదురుగా తన గోడ. పడమటి ఎండలో ఆకుపచ్చగా ధగధగలాడుతోంది.

"రామ్మా రా, కూర్చో" అన్నాడు మాస్టారు. టీ పోశాడు. టీ కూడా పచ్చగానే ఉంది.

"రోజూ ఇలాగే ఉంటుందా మాస్టారూ?"

"మధ్యాహ్నం నించి చీకటి పడేదాకా. మొదట్లో మా అన్నయ్య వచ్చి నా మొహం చూసి, 'ఒరేయ్, నీకు కామెర్లు!' అని ఆసుపత్రికి లాక్కెళ్లబోయాడు. వీధిలోకి తీసుకెళ్లి మొహం చూపిస్తే గానీ వదల్లేదు."

"ఒక్కసారి కూడా నాతో అనలేదే!"

"ఏమనాలి? నీ గోడే కదా." ఆయన పెద్ద విషయమేమీ కానట్టు గ్లాసు ఊదుకున్నాడు. "సాయంత్రాలు గడ్డం గీసుకోవడం మానేశా, అంతే. ఇంతకీ ఎందుకొచ్చావో చెప్పలేదు. ఊరికే వచ్చే మనిషివి కాదు నువ్వు."

ఆమె కోటు విప్పి ఒళ్లో పరిచింది. అబద్ధం చెప్పడం చేతకాక ఉన్నదంతా చెప్పింది. పొద్దుటి నారింజ, తప్పిన దారం, నీలం డాగు, చేతికి పట్టిన భయం. మాస్టారు కోటు మోచేతి మీద వేలు పెట్టి రుద్దాడు.

"మార్చమంటావా?"

ఆమె తల వంచుకుంది.

"అలా కాదమ్మాయ్. నాకు ఆ రంగంటే ప్రాణం. అయినా నీ అన్నం కంటే ఎక్కువ కాదు. మార్చమను, రేపే మారుస్తా. కానీ నోటితో అను. నువ్వు అనకుండా మారిస్తే నా మీద నాకే కోపమొస్తుంది."

ఒక్క మాట. నాలుక చివర దాకా వచ్చింది. ఆమె కిటికీలోంచి తన గోడను చూసింది. ఎవరికీ ఏ అపకారమూ చెయ్యడం లేదనుకున్న రంగు. ఈయన మొహం మీద, గ్లాసు మీద, సాయంత్రాల మీద తెలియకుండానే ఇన్నేళ్లు కాపురం చేసింది.

"వద్దు మాస్టారూ. నేనే జరుగుతాను."

"ఎక్కడికి? పేట వదిలా?" ఆయన గొంతు ఉలిక్కిపడింది.

"ఇంట్లోనే, ఇంకో గదిలోకి" అంది రఫూ అక్క, అప్పుడే తనకూ తెలిసినట్టు.

ఆదివారం అక్కాచెల్లెళ్లు ఇల్లు తిరగేశారు. పొయ్యి, గిన్నెలు, నీళ్ల బిందె వీధి గదిలోకి వచ్చాయి. దారాల అలమర, కుర్చీ, సూదుల పెట్టె వెనక వంటింట్లోకి వెళ్లాయి. ఆ వెనక కిటికీకి ఎదురుగా గోడౌను సిమెంటు గోడ. దానికి ఎవరూ ఎప్పుడూ ఏ రంగూ వెయ్యలేదు. దాని మీద కాస్త ఆకాశం. ఎవరి ఇష్టమూ అంటని వెలుగు.

"ఇల్లు లోపలివైపు బయటికి పెట్టి తొడుక్కున్నావే!" అంది చెల్లెలు, చెమట తుడుచుకుంటూ. "రేపణ్నించి నీ గిరాకీలు మన గిన్నెలు చూస్తూ లోపలికొస్తారు. గిన్నెలు తోమడమైనా నేర్చుకుందువు గాని."

పోయిందేమీ లేదని కాదు. వీధి కిటికీ పోయింది. ఎవరు ఎవరితో మాట్లాడుకుంటూ వెళ్తున్నారో, ఎవరు అలిగి ఒంటరిగా వెళ్తున్నారో సూది ఆపకుండానే తెలిసేది. ఇక్కడ సిమెంటు గోడ మీద ఒక తొండ, అప్పుడప్పుడూ. ఎండ సోకక మోకాళ్లకు చలి పట్టింది. మొదటి వారం చెవిటిదానిలా అనిపించింది.

కోటుకు పాత పోగులన్నీ లాగేసి, ఆ నిశ్శబ్దపు వెలుగులో మళ్లీ దారం ఎంచింది. అంతకుముందు పక్కన పడేసిన దారమే సరైనదని తేలింది. లైబ్రరీ ఆవిడ కోటు వీధిలోకి తీసుకెళ్లి, ఎండలో అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి గుమ్మంలోంచి పిలిచింది.

"ఏ చెయ్యండీ, కుడా ఎడమా?"

రఫూ అక్క చెప్పలేదు. నవ్వింది. ఆవిడ రెండు మోచేతులూ తడుముకుంటూనే వెళ్లిపోయింది.

ఇప్పుడు పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు ఆమె వీధి గదిలో పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. ఎదురింటి గోడ మీద ఎండ ఎక్కుతుంది. గిన్నెలు, అన్నం, ఆమె అరచేతులు మెల్లగా నారింజ తిరుగుతాయి. ఇక్కడ దేన్నీ దేనితోనూ సరిపోల్చాల్సిన పని లేదు. వెలుగు ఎలా వస్తే అలా పడనిస్తూ, తీరిగ్గా తింటుంది.