మా ఇంట్లో ఆలస్యంగా పడిన వికెట్టు

వైరు చేతికి దొరికితే దాన్ని ఏదో ఒక కన్నంలో దూర్చందే నిద్రపట్టని వయసొకటి ఉంటుంది. ఆ వయసులో నేను అమలాపురంలో బీకాం వెలగబెడుతుండేవాణ్ణి. ఓసారి పెదనాన్నగారి టేప్‌రికార్డరు నా చేతిలో పలికిన పాపానికి (ప్లగ్గు గట్టిగా నొక్కానంతే) మామిడికుదురులో మా వీధంతా నన్ను ‘ఇంజినీరు’ అనడం మొదలెట్టింది. పెద్దవాళ్లు ముద్దుగా పిలుస్తుంటే కాదనడం మర్యాద కాదని నేనూ ఊరుకున్నాను.

అలాంటి రోజుల్లో మా కువైట్ బాబాయి సెలవుకొచ్చారు. వస్తూ వస్తూ గోడంత హెచ్.డి. టీవీ, దానికి తోడు హోమ్ థియేటరూ తెచ్చారు. అందులో దబదబ మోగే ఊఫరు పెట్టె ఒక్కటే పిన్ని బియ్యం డబ్బా అంతుంది. “ఇందులో ఆటగాడి చెమట చుక్క కూడా కనబడుద్దిరా. ఆదివారం ఫైనలు వీధంతా మనింట్లోనే చూడాలి. బిగించే పూచీ నీదే!” అన్నారు. “ఆయ్” అని తలూపేశాను. బిగించాను. బొమ్మ వచ్చింది గానీ వార్తలు చదివే అమ్మాయి అడ్డంగా సాగిపోయింది. “ఏరా, ఈ పిల్ల మొహం గుమ్మడికాయలా ఉందేంటి?” అంది పిన్ని. “కొత్త టీవీ కదా పిన్నీ, కళ్లు అలవాటు పడాలి” అన్నాను గంభీరంగా. మర్నాడు అట్టపెట్టెలు ఊడుస్తూ పిన్నే, “ఈ లావుపాటి వైరు చెత్తలో పారేయనా?” అని అడిగింది. హెచ్.డి. బొమ్మంతా ఆ వైరులోంచే రావాలిట! అది తగిలించేసరికి ఆ అమ్మాయి మొహం సన్నబడింది.

ఆదివారం మధ్యాహ్నానికి హాల్లో కాలు పెట్టే చోటు లేదు. రానిదల్లా పక్కింటి కొబ్బరికాయల మావయ్యగారే. “మా డబ్బా టీవీ మాకు చాలండి బావగారూ” అన్నారట. బాబాయికి అది గుచ్చుకుంది. సరే, ఆట మొదలైంది. మా టీవీలో బౌలరు బంతిని ప్యాంటుకేసి రుద్దుకుంటున్నాడు. అంతలో ప్రహరీ అవతల నుంచి, “పడిందండోయ్, వికెట్టు!” అని మావయ్యగారి గావుకేక. మా బౌలరు ఇంకా రుద్దుకుంటూనే ఉన్నాడు. తర్వాత తాపీగా పరుగెత్తాడు, వేశాడు, నిజంగానే వికెట్టు పడింది. మా హాల్లో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. “ఇదేం చోద్యంరా?” అన్నారు బాబాయి. వాళ్లది మామూలు కేబులని, మనది డిష్షు కాబట్టి బొమ్మ ఆకాశం దాకా వెళ్లి, సెట్‌టాప్ పెట్టెలో దూరి రావాలని చెప్పాను. “కువైట్ మీంచి వస్తందేంట్రా!” అని ఆయన విసుక్కున్నారు.

ఆ కేకలు వినబడకుండా ఊఫరు పెంచాను. వంటింట్లో గిన్నెలు రాలాయి గానీ మావయ్యగారి గొంతు ఆగలేదు. ముందు కుర్రాళ్లు, “ఇప్పుడే వస్తామండి” అంటూ జారుకున్నారు. తర్వాత పెద్దలు. నానమ్మయితే దాపరికం లేకుండా, “అక్కడ ముందే తెలిసిపోతందర్రా” అని కర్ర అందుకుంది. చివరికి పకోడీల పళ్లెంతో పిన్ని కూడా వెళ్లిపోయింది. హాల్లో బాబాయీ నేనూ మిగిలాం. ఆయన టీవీ వంక కాదు, చెప్పుల్లేని గుమ్మం వంక చూస్తున్నారు. నాకు భూమిలోకి దిగబడిపోవాలనిపించింది.

అప్పుడు గోడ మీద మావయ్యగారి తల లేచింది. “బావగారూ, జనం ఎక్కువైపోయేరు, మా డబ్బా గొంతు చాలట్లేదు. మీ ఊఫరు పట్టుకుని మీరూ వచ్చేయండి. మీరు లేకపోతే ఏం బాగుంటుందండీ!” బాబాయి లేచి ఊఫరు మీద చెయ్యి వేశారు. తర్వాత నా వైపు తిరిగి, “దానికి తగులుద్దంట్రా?” అన్నారు మెల్లగా. “ఆయ్, తగులుద్ది బాబాయ్!”

తగిలింది. ఆ బుల్లి టీవీలో ఆటగాళ్లు చీమల్లా ఉన్నా, చప్పుడుకి పెంకులు కదిలాయి. ఆఖరి బంతికి మనవాళ్లు గెలిచేసరికి బాబాయీ మావయ్యగారూ ఒకరినొకరు ఎత్తుకోబోయి ఇద్దరూ కొబ్బరి పీచు కుప్పలో పడ్డారు. నాకేం బుద్ధి పుట్టిందో, వాళ్లు కిందపడేలోపే గోడ దూకి మా ఇంట్లోకి పరుగెత్తాను. ఖాళీ హాల్లో, గోడంత తెర మీద, ఆ ఆఖరి బంతి వేయడానికి బౌలరు అప్పుడే కదులుతున్నాడు. నిజమే, చెమట చుక్క కూడా కనబడుతోంది. ఏం జరుగుతుందో తెలిసి కూడా ఊపిరి బిగబట్టి చూసి, ఒక్కణ్ణే గంతులేశాను. ఒకే గెలుపుని రెండుసార్లు గెలిచిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడానూ.