జేజి బండి మారే చోటు

ఎండలో నిలబెట్టిన పాతకారు తలుపు తీస్తే ముఖానికి కొట్టే వాసన ఒకటుంది: కాగిన రెగ్జిను, పెట్రోలు, ఎప్పుడో సీటు సందులో పడిపోయిన వక్కపొడి. రాయచోటిలో మా నాయన వాకిట్లో ఉన్న తెల్లకారు తలుపు తీసినా అదే వాసన, రెండు వీధుల అవతల చిన్నాయన ఇంటి ముందున్న బూడిదరంగు కారు తలుపు తీసినా అదే వాసన. నాకు కడపలో ఉద్యోగం. వారంవారం వచ్చిపోవడానికి ఒక పాతబండి చాలని ఇంట్లో అన్నానో లేదో, ఆనాటి నుంచి నాకు కుదురు లేదు. ఇద్దరూ తమ బండే తీసుకోమంటారు. పెళ్లిళ్లకూ చావులకూ తప్ప మాట్లాడుకోని అన్నదమ్ములు వాళ్లు. ఒకరిది తీసుకుంటే ఆ నాలుగు మాటలు కూడా ఆగిపోతాయని నా భయం.

నా చిన్నతనంలో వాళ్లది ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. నాయనకు విత్తనాల అంగడి, చిన్నాయన మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర లారీలు తిప్పేవాడు. ఒకే ఎండాకాలంలో, ఒకరిని చూసి ఒకరు, ఇద్దరూ పాతకార్లు కొన్నారు. ఇక మా ఇంట్లో అన్నం కంటే ముందు కార్ల ముచ్చటే వడ్డించేవారు. నాయనది పొట్టిబండి, ఏసీ లేదు, చలికాలం పొద్దున చోక్ లాగి బతిమాలితే గానీ పలికేది కాదు; కానీ పెట్రోలు పిట్టలా తాగేది, దారిలో మొరాయిస్తే ఏ పల్లె మెకానిక్కయినా ఏదో ఒకటి చేసి పంపేవాడు. చిన్నాయనది ఎత్తుబండి, ముసలివాళ్లు నడుం వంచకుండా ఎక్కొచ్చు, ఏసీ వేస్తే వడగాలి మాటే గుర్తురాదు; కానీ ఘాట్ ఎక్కేటప్పుడు ఆ ఏసీ ఆపకపోతే ఆయాసపడేది, చిన్న సామాను పోయినా బెంగళూరు నుంచి రావాల్సిందే.

"నీ బండ్లో కూచ్చుంటే మోకాళ్లు గడ్డానికి తగుల్తాయన్నా" అనేవాడు చిన్నాయన.

"నీది శానా తాగుబోతు బండిరా. బంకును ఎనకాల కట్టుకోని తిరగాల" అనేవాడు నాయన.

ఎక్కడికి పోయినా రెండు కార్లూ కదలాల్సిందే. శివరాత్రికి శ్రీశైలం పోయినా, కడపలో పెళ్లికి పోయినా, వాళ్ల అమ్మ, అంటే మా జేజి, ముందురోజే ఓళిగలూ నిప్పట్లూ చేసి, జొన్నరొట్టెల మీద ఊరిబిండి పూసి, సరిగ్గా రెండు మూటలు కట్టేది, బండికొకటి. తెల్లకారులో నేను, బూడిదరంగు కారులో చిన్నాయన కొడుకు. ఒక బండి ఇంకోదాన్ని దాటినప్పుడల్లా కిటికీ అద్దాల పిడి గరగరా తిప్పి, తలలు బయటపెట్టి, నాలుకలు చాపుకొనేవాళ్లం. ఎండాకాలమైతే ఎర్రదుమ్ము, వానలు పోయాకైతే రోడ్డు పక్క బుట్టల్లో సీతాఫలాల వాసన, వీటన్నిటి మధ్య నా కడుపులో తిప్పడం. నాకు ఆ ప్రయాణాల్లో నిమిషం నిలకడ ఉండేది కాదు. జేజికీ ఉండేది కాదు. సగం దారి ఎప్పుడొస్తుందా అని ముందు సీటు పట్టుకుని తొంగిచూస్తూనే ఉండేది.

ఎందుకంటే జేజి సగం దారి పెద్దకొడుకు బండిలో, సగం దారి చిన్నకొడుకు బండిలో కూర్చునేది. కడప రోడ్డులో ఆమె మారే చోటు గువ్వలచెరువు. ఘాట్ మొదలయ్యే ముందు, కోవా అంగళ్ల దగ్గర రెండు కార్లూ ఆగాలి. ఆకులో పెట్టిచ్చిన వేడి కోవా మేము నాలుక కాల్చుకుంటూ తింటుంటే, ఆమె వక్కాకు సంచి చంకన పెట్టుకుని, "ఇంగ సిన్నోడి బండి" అని నడిచేది. ఇదేం చాదస్తమని ఒకసారి అమ్మ నవ్వితే జేజికి కోపం వచ్చింది.

"నా మొగుడూ మా మరిదీ యేరుపడి జత ఎద్దుల్ని చెరొకటి తోలుకపోయిరి. ఒంటెద్దుతో ఎవురికి సేద్యమైంది? సచ్చేదాకా మాట్లాడుకోల్యా. నా కొడుకులకు ఆ గతి పట్టకూడదు" అంది.

ఒక మధ్యాహ్నం జేజికి గుండెనొప్పి వచ్చింది. రెండు కార్లూ గేటు దగ్గర నిలబడి ఉన్నాయి. కడప ఆసుపత్రికి నా బండిలోనంటే నా బండిలోనని అన్నదమ్ములు అరుచుకుంటుంటే అమ్మ జేజిని పట్టుకుని తెల్లకారు ఎక్కించేసింది. చిన్నాయన ముఖం మాడ్చుకుని వెనకే వచ్చాడు. దారంతా కళ్లు తెరవని మనిషి గువ్వలచెరువు రాగానే నాయన భుజం తట్టింది.

"ఈడ ఆపు."

"ఈ పొద్దు వద్దత్తా, కదలగాకు" అని అమ్మ ఏడ్చింది.

"ఆపు. వాడు ఎనకాల ఏడ్సుకుంటా వస్తాండాడు."

అన్నదమ్ములిద్దరూ చేతుల మీద ఎత్తుకుని ఆమెను బండి మార్చారు. వాళ్ల చేతులు అలా కలిసి ఉండగా నేను చూడటం అదే ఆఖరు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు కూడా జేజి అక్కడే మారింది. మరుసటేడు ఇంట్లోనే, నిద్రలో పోయింది. ఆ తర్వాత గువ్వలచెరువులో ఆగాల్సిన పని ఎవరికీ లేకపోయింది. పొయ్యిలు రెండయ్యాయి, తర్వాత ఇళ్లు రెండయ్యాయి. గొడవేమిటని అడిగితే ఇద్దరిలో ఒక్కరూ సరిగ్గా చెప్పలేరు.

మొన్న ఆదివారం రెండు బండ్లనూ కడపలో మెకానిక్కుకు చూపిద్దామని బయలుదేరాం. తెల్లకారు నేను నడుపుతున్నాను, నాయన నా పక్కన. వెనక బూడిదరంగు కారులో చిన్నాయన ఒక్కడే. గేరు గట్టిగా పడుతోందని నేనంటే నాయనకు వినపడదు. మెడ తిప్పి తిప్పి వెనక్కే చూస్తున్నాడు.

"వస్తాండాడా వాడు? యాడన్నా నిలిచిపోయినాడేమో సూడు."

గువ్వలచెరువులో బండి ఆపమన్నాడు. ఆకుల్లో కోవా ఇచ్చే అంగడి ఇప్పుడు లేదు, అంతా ప్లాస్టిక్ డబ్బాలే. కోవా కోసమనుకున్నాను. నాయన అంగళ్ల వైపు చూడనైనా చూడలేదు. మోకాలు పట్టుకుని కుంటుతూ వెనక కారు దాకా నడిచి, ముందు తలుపు తీశాడు.

"ఈడినుంచి నీ బండి" అన్నాడు.

చిన్నాయన పక్క సీటు మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సీటు ఎనక్కి జరుపుకోన్నా. మోకాలు నొప్పి గదా" అన్నాడు.

తెల్లకారులో ఒక్కదాన్నే ఘాట్ దిగడం మొదలుపెట్టాను. అద్దంలో నా వెనక సీటు కనిపిస్తోంది, జేజి లేని సీటు. దాని వెనక బూడిదరంగు కారు, అందులో రెండు నెరిసిన తలలు. మొదటి మలుపు దాకా అవి కదల్లేదు. రెండో మలుపులో నాయన చెయ్యి లేచి నా బండి వైపు చూపించింది, చిన్నాయన తల అడ్డంగా ఊపాడు, నాయన చెయ్యి మళ్లీ లేచింది. ఏ బండి మేలో పోట్లాడుకుంటున్నారు. ఆ పోట్లాట కడప దాకా తెగకూడదని, వెనక లారీలు ఎంత హారన్ కొట్టినా, ఘాటంతా మెల్లగా దిగాను.