గూట్లో పొట్లాలు

ఎనభైల చివరి మాట. ఆర్మూర్‌లో బీడీలు చుట్టేదాన్ని. పసుపు గిర్నీలో పనిచేసే మా మామయ్య అప్పుడప్పుడూ ఇంత పసుపు పొట్లం కట్టి తెచ్చి గూట్లో పెట్టేవాడు.

ఆ వానాకాలం మా పెరటి కోళ్లకు తెగులు తగిలింది. పశువుల దవాఖానలో కంపౌండర్ ఒక గొట్టం గోలీ ఇచ్చి, "పెద్దదానికి జర ఎక్కువ, చిన్నదానికి తక్కువ. నీళ్లల్ల కలిపి తాపు" అన్నాడు. గోలీ విప్పితే పసుపు రంగు పొడి. బీడీల చాటలో పోసి, ఒక్కో కోడినీ చేత్తో ఎత్తి బరువు చూసి, దానికి తగ్గట్టు పొట్లాలు కట్టి గూట్లో పెట్టాను. గిన్నె కడుక్కొని వచ్చేసరికి పొట్లాలు లేవు.

"పిల్ల దగ్గుతుందని పాలల్ల పసుపేసి తాపిన" అంది అత్తమ్మ. "జరంత జరంతే ఉంటే అన్నీ ఏసిన."

నా నాలుగేళ్ల బిడ్డను ఎత్తుకొని సర్కారు దవాఖానకు పరుగెత్తాను.

"ఎన్ని కోళ్ల మందు?" డాక్టర్ అడిగాడు.

"అన్నిటిదీ. అంతా కలిపి ఒక్క గోలీ" అన్నాను.

"ఒక్క గోలీయే కదా, ఏం గాదు. వాంతులైతే మళ్ల తీస్కరా."

తెల్లారి పిల్ల లేచి అన్నం అడిగింది. పెరట్లో గంప ఎత్తితే కోళ్లన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి.

"పిల్ల మీదికొచ్చింది అవి తీస్కపోయినయ్" అంది అత్తమ్మ. మందు అందక చచ్చాయని నాకు తెలుసు.

ఇప్పటికీ పసుపు డబ్బా మూత తీస్తే, కూరలో వేసేముందు చిటికెడు నా నాలుక మీద వేసుకుంటాను.