పదకొండో ప్రశ్న

నాకు కోపం ఎక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చెప్పీ చెప్పీ అలిసిపోయింది. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో ఇరవై ఏళ్లుగా తెలుగు పాఠాలు చెబుతున్నాను. నా గొంతు బస్టాపు దాకా వినబడుతుందని మా పిల్లలే నవ్వుకుంటారు. అలాంటిదాన్ని, అరవాల్సిన ఒక్క రోజున అసెంబ్లీ గ్యాలరీలో కిక్కురుమనకుండా కూర్చున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సంగతి ఇదీ. మా బడిలో తెలుగు మాస్టారు రిటైరయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. నేను ఏడాదికోసారి పొడిగింపు కాగితం తెచ్చుకునే తాత్కాలిక టీచర్ని. పర్మినెంటు టీచరు లేని భాషలో పిల్లల్ని పదో తరగతి పరీక్షకు కూర్చోబెట్టడానికి వీల్లేదని ఆ ఏడాది పైఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. తొమ్మిదో తరగతిలో ఏడుగురు తెలుగు పిల్లలున్నారు. పదో తరగతి పరీక్షకు రిజిస్ట్రేషన్ తొమ్మిదిలోనే చేయించాలి, ఆ ఫారాలకు శుక్రవారం ఆఖరు. ఈలోగా పోస్టు ఇస్తామన్న మాట మంత్రి నోట వస్తే వాళ్లు మొదటి భాష పరీక్ష తెలుగులో రాస్తారు, లేకపోతే మా బడిలో టీచరున్న హిందీలో రాయాలి. బజార్లో బేరమాడేంత హిందీ వస్తే వ్యాసాలు రాయడం వచ్చేస్తుందా?

మా ఎమ్మెల్యే ప్రతిపక్షం మనిషి. చెప్పులరిగేలా ఆయన ఇంటి చుట్టూ తిరిగితే, ఆ ప్రశ్న సభలో అడగడానికి ఒప్పుకున్నాడు. బుధవారం జాబితాలో పదకొండోది మాది. రెండు పాసులు ఇప్పించి, పిల్లల తరఫున ఎవరైనా పెద్దవాళ్లను కూడా తీసుకురమ్మన్నాడు.

మా క్లాసులో అందరికంటే బాగా రాసే అమ్మాయి నాయనమ్మను తీసుకెళ్లాను. అందరం ఆమెను మామ్మ అనే పిలుస్తాం. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లయిన కొత్తలో వచ్చి, ఓడరేవు డాకుల్లో చిరిగిన గోనెసంచులు కుట్టి సంసారం ఈదిన మనిషి. పెట్టెలో దాచుకున్న చీర తీసి కట్టుకుంది. బస్సులో నా చెవి దగ్గరకు వంగి అడిగింది.

"మంత్రిగోరు నన్నేటడుగుతారు, టీచరమ్మా?"

"నిన్నేమీ అడగరు మామ్మా. మన ఎమ్మెల్యే అడుగుతాడు, మంత్రి చెబుతాడు. మనం నోరు మూసుకుని వినాలి, అంతే."

"ఇనడానికేటి, ఇంటాను. మా బొట్టి సదువుకోసం కాదేటి!"

గేటు దగ్గర నా ఫోనూ సంచీ, ఆమె వక్కపొడి డబ్బా తీసేసుకున్నారు. లేవకూడదు, మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు అని గార్డు మూడుసార్లు చెప్పాడు. ఆ నియమాలన్నీ పైన కూర్చున్న మాకే. కింద సభలో మూడు రోజుల నుంచి పన్నుల బిల్లు మీద రభస నడుస్తోంది. ఒకరు దొంగలంటే ఇంకొకరు గజదొంగలంటున్నారు. కాగితాలు చించి గాల్లోకి విసురుతున్నారు. పన్ను తగ్గిందా పెరిగిందా అన్న ఒక్క ముక్క ఆ గోలలో నాకు అందలేదు. నా క్లాసులో అయితే అందరినీ బెంచీ ఎక్కించేదాన్ని.

"ఈలంతా సదువుకున్నోలేనా?" అంది మామ్మ గుసగుసగా.

నేను నవ్వలేకపోయాను. అరుపుల మధ్యే ఒక్కో ప్రశ్నా గడుస్తోంది, నేను వేళ్ల మీద లెక్క పెట్టుకుంటున్నాను. ఆరు. ఏడు. విద్యామంత్రి ముందు ఫైలు ఉంది. అందులో మా జవాబు ఉందని నాకు తెలుసు. తొమ్మిదో ప్రశ్న దగ్గర ప్రతిపక్షమంతా ఒక్కసారిగా లేచి, పన్నుల బిల్లు వెనక్కి తీసుకోవాలని అరుచుకుంటూ బయటికి నడిచింది. అందరికంటే ముందు, పిడికిలి ఎత్తి, మా ఎమ్మెల్యే!

అయ్యో, రెండు నిమిషాలు ఆగవయ్యా బాబూ అని నా ప్రాణం కొట్టుకుంది. ఊరికే గడప దాటి మళ్లీ వస్తాడేమో అనుకున్నాను. పదో ప్రశ్న అడగాల్సినాయనా లేడు. అధ్యక్ష స్థానం నుంచి "పదకొండు" అని వినబడింది, వెంటనే మా ఎమ్మెల్యే పేరు. అడిగినవాడు తన కుర్చీలో లేకపోతే ఆ ప్రశ్న అక్కడికక్కడే చచ్చిపోతుంది. మంత్రి కళ్లజోడు పెట్టుకుని ఫైలు తెరిచి చూస్తున్నాడు. కుర్చీ ఖాళీ.

నా పక్క నుంచి మామ్మ లేచింది. చెయ్యి పైకెత్తింది.

"ఉన్నాం బాబూ! మావున్నాం!"

రేషన్ షాపులో పేరు పిలిచినప్పుడు పలక్కపోతే వంతు పోతుంది. మనిషి లేకపోతే పక్కింటివాళ్లయినా ఉన్నారని పలుకుతారు. మా బస్తీలో ఎవరూ ఎవరి వంతూ పోనివ్వరు. ఆమెకు తెలిసిన పద్ధతి అది.

కింద నలుగురైదుగురు తలెత్తి చూశారు. మంత్రి కూడా చూశాడు. నాకు బెంగాలీ వచ్చు, గొంతు ఉంది, విషయమంతా నోటికి వచ్చు. లేచి రెండు ముక్కలు చెబితే ఏమయ్యేది? బయటికి పంపేవారు. నేనేం చేశానంటే, మామ్మ చెయ్యి పట్టుకుని కిందికి లాగాను.

"కూర్చో మామ్మా, పరువు తీయకు!"

"బోషూన్ మాషీమా, బోషూన్," అంటూ గార్డులు కూడా ఆమెను కూర్చోమంటూ వచ్చారు. తరువాత ఇద్దరినీ బయటికి పంపారు. పన్నెండో ప్రశ్న మెట్ల మీద నుంచి విన్నాం.

గేటు బయట ఎమ్మెల్యే మైకుల ముందు ఉన్నాడు. నన్ను చూసి మొహం వెలిగించుకుని, బెంగాలీలో టీచరమ్మా అని పిలుస్తూ వచ్చాడు. "చూశారా దిదిమొణీ, ఎలా నిలదీశామో!"

"మా ప్రశ్న పిలిచారు. మీరు లేరు."

ఒక్క క్షణం ఆయన మొహంలో నెత్తురు లేదు. పాపం, నిజంగానే మరిచిపోయాడు. "ఛీ ఛీ... వచ్చే సమావేశాల్లో తప్పకుండా," అన్నాడు.

"శుక్రవారంలోగా ఉన్నాయా మీ వచ్చే సమావేశాలు?" అని గట్టిగా అడిగాను. ఎంత గట్టిగా అంటే మైకుల వాళ్లు కూడా తిరిగి చూశారు. ఏం లాభం, చేతులు కాలాక! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా.

మామ్మ ఇంటికి వెళ్లేసరికి మనవరాలు గుమ్మంలోనే నిలబడి ఉంది. మామ్మ ఆ పిల్లకు జరిగింది జరిగినట్టు చెప్పింది.

"నీకోసం పిలిసినారే. ఆ బాబు లేడు. నాను పలికినాను. టీచరమ్మ కూకోమన్నాది."

అందులో నిష్ఠూరం లేదు. అదే నన్ను చంపింది. ఆ పిల్ల నా వైపు చూసి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది. తాగలేకపోయాను.

శుక్రవారం ఫారాలు నింపాం. తల్లిదండ్రుల్లో చాలామందికి చదవడం రాదు, వాళ్ల తరఫున నింపేది ఎప్పుడూ నేనే. 'మొదటి భాష' అన్నచోట ఏడుసార్లు హిందీ అని రాశాను. మామ్మ ఏం రాశావని అడగలేదు, చూపించినచోట వేలిముద్ర వేసింది.

వచ్చే సమావేశాలు నెలల తరువాత వచ్చాయి. ఈసారి ఎమ్మెల్యే కుర్చీలోంచి కదల్లేదట. ప్రశ్న అడిగాడు, మంత్రి జవాబిచ్చాడు. ఆ జవాబు కాపీ మా బడికి పంపించారు. సదరు పాఠశాలలో తెలుగును మొదటి భాషగా ఎంచుకున్న విద్యార్థులు ఎవరూ లేరు కనుక ఉపాధ్యాయ పోస్టు అవసరం లేదు.

చించి పారేద్దామనుకున్నాను. కానీ అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ ఏడు ఫారాలూ నింపింది నేనే.