నాలుగో సీటు

“...నలుగురున్న ఇంట్లో మూడు సీట్లేమిటని అడుగుతున్నాను, అంతే!”

“పూర్తిగా విను. విమానంలో మూడు సీట్లు, దాంతోపాటు మూడు రాత్రులు హోటలు. సముద్రానికెదురుగా గది, పొద్దున్న టిఫిను అందులోనే. నాలుగు సీట్లు తీసుకుంటే హోటలు పోతుంది. కార్డు మీద ఉన్న పాయింట్లకి ఎందులో ఎక్కువ గిట్టుబాటో చూసుకోవద్దా?”

“చూసుకోండి. పాయింటు ఒక్కటి కూడా నేలపాలు కాకూడదు. మొగుడు నేలమీద మిగిలిపోయినా ఫర్వాలేదు.”

ఆ మాట వీధిలోకి వినబడింది. చేపలాయన షాపులో రహస్యం నిలవదు. మూడు గోడలకీ వరసలుగా పేర్చిన గాజు తొట్లు, తొట్టి తొట్టికీ ఒక గాలి మోటారు, పగలూ రాత్రీ ఆగని బుడబుడ. ఆ చప్పుడు మీదుగా మాట్లాడీ మాట్లాడీ ఇంటిల్లిపాదికీ గొంతులు పెద్దవైపోయాయి. గుట్టుగా చెప్పుకున్నామనుకున్నది కూడా పక్కనున్న గడియారాల షాపుకి పొల్లుపోకుండా చేరుతుంది.

అతను మొదటినుంచీ చేపలవాడు కాదు. తండ్రి అద్దాలు కోసేవాడు. కిటికీలకీ బీరువాలకీ కోస్తూ కొడుక్కీ ఆ పనే నేర్పాడు. ఒకసారి ఎవరో తొట్టి చేయమని కొలతలిచ్చి మళ్ళీ మొహం చూపించలేదు. ఖాళీగా ఎందుకని ఇతను అందులో నీళ్ళు పోశాడు. నీళ్ళున్నాయి కదా అని రెండు చేపలు తెచ్చాడు. “నేను వాటిని కొన్నాననుకున్నాను. అవే నన్ను కొనుక్కున్నాయి” అంటాడు ఎవరైనా అడిగితే.

క్రెడిట్ కార్డు పాయింట్ల పిచ్చి తర్వాత పట్టింది. మేత, మోటార్లు, దీపాలు, గాజు, ఏది కొన్నా కార్డు మీదే. నెల తిరిగేసరికి బాకీ లేకుండా కట్టేస్తాడు. స్నేహితులతో భోజనానికి వెళ్తే, బిల్లు రాగానే తక్కినవాళ్ళందరికీ ఒక్కసారిగా ఫోన్లు మోగుతాయి. ఇతనొక్కడే చెయ్యి చాపి ఆ బిల్లు లాక్కుంటాడు. కొత్తవాళ్ళు మహాదాత అనుకుంటారు. పాతవాళ్ళు మారుమాట లేకుండా తమ వాటా నోట్లు తీసి ఇస్తారు. నోట్లు జేబులోకి, పాయింట్లు కార్డులోకి.

ఆ పాయింట్లతోనే ఇంటివాళ్ళని రెండుసార్లు విమానం ఎక్కించాడు. ఒకసారి కొండలకి, ఒకసారి పెద్ద జంతుప్రదర్శనశాల ఉన్న ఊరికి. రెండుసార్లూ వెళ్ళింది భార్య, కూతురు, తల్లి. తను షాపులో ఉండి, ఫోనుకి వచ్చిన ఫోటోలు వచ్చేపోయేవాళ్ళకి చూపించాడు. చూపించీ చూపించీ ఆ ఊళ్ళు తనూ తిరిగొచ్చినట్టే అనిపించేది.

ఈసారి సముద్రం. బ్యాంకువాళ్ళు రెండు దారులు చూపించారు: నాలుగు విమాన సీట్లు, లేదా మూడు సీట్లు, హోటలు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. పొద్దున్న కాఫీ తాగుతూ లెక్క చూసి, మూడు సీట్లేనని సంబరంగా తేల్చేశాడు. లెక్కలోంచి తనని తీసెయ్యాలని అనుకోలేదు. అసలు తనకి తానే గుర్తు రాలేదు. భార్య అడిగాక గానీ ఆ సంగతి తెలియలేదు. తెలిశాక, ఒప్పుకోవడానికి సిగ్గేసి, గిట్టుబాటు గురించి వాదిస్తున్నాడు.

“చేపలు అమ్ముతాడు గానీ సముద్రం ఎలా ఉంటుందో ఎరగడు” అంది తల్లి, గల్లాపెట్టె పక్క స్టూలు మీంచి. “బయట చెప్పుకుంటే నవ్విపోతారురా.”

“నువ్వు మాత్రం ఎప్పుడు చూశావమ్మా?”

“అందుకే కదా వెళ్తున్నాను.”

కూతురు పుస్తకంలోంచి తలెత్తింది. “నాన్నా, హోటల్ వద్దు, నువ్వు రా. మామూలు లాడ్జిలో ఒకటే గది తీసుకుందాం. నానమ్మ గురక నలుగురం పంచుకుంటే తలా కాస్తే వస్తుంది.”

“ఈ మోటార్ల మోతలో పెరిగినదానివి, నా గురక అడ్డమొచ్చిందటే నీకు?”

మేత కొనడానికొచ్చి, అంతసేపూ తొట్ల మధ్య నిలబడి అన్నీ విన్న సంగీతం టీచరమ్మ, ఇక తప్పదన్నట్టు ముందుకొచ్చింది. “మీరు మాట్లాడుకుంటున్నారు, మధ్యలో... మేమూ నాలుగు రోజులు ఊరెళ్తున్నామండీ. మా గోల్డ్‌ఫిష్‌కి మేత ఎవరు వేస్తారని మావారు బెంగ పెట్టుకున్నారు. మీరు వెళ్ళండి, నేనుండిపోతానంటున్నారు.”

చేపలాయన మొహం విప్పారింది. ఇది అతను వెయ్యిసార్లు చెప్పిన పాఠం. “ఆయన్ని నిక్షేపంగా రమ్మనండి. ఆకలికి చచ్చిన చేపని నేనింతవరకూ చూడలేదు. చచ్చినవన్నీ అజీర్తితోనే. వెళ్ళేముందు కాసిని నీళ్ళు మార్చండి, దీపం ఆర్పండి, మోటారు మాత్రం తిరగనివ్వండి. మేత పక్కింటివాళ్ళ చేతికివ్వకండి. జాలిపడి పెట్టేవాళ్ళే వాటి పాలిట యములు. అయినా నాలుగు రోజుల కోసం ఇంటాయన్ని వదిలేసి ఎవరైనా వెళ్తారామ్మా!”

అనేశాక తను అన్నదేమిటో అతనికే వినబడింది.

“టీచర్ గారూ, ఆ చివరి ముక్క ఇంకోసారి చెప్పమనండి” అంది భార్య. “మోటార్ల గోలలో సరిగ్గా వినబడలేదు.”

“అందరికీ శకునాలు చెప్పే బల్లి కుడితిలో పడిందట” అంది తల్లి, ఎటో చూస్తూ.

టీచరమ్మ మేత పొట్లం ఒకటి కొనుక్కుని, నవ్వు పెదవి దాటకుండా మెట్లు దిగిపోయింది.

“ఇంట్లో ఒక్క తొట్టి వేరు, ఇన్ని తొట్లు వేరు” అన్నాడు చేపలాయన. ఈసారి గొంతు తగ్గింది. “మేత సంగతి సరే. కరెంటు పోతే?”

“ఇన్వర్టర్ ఉంది” అంది భార్య.

“అది మొరాయిస్తే? ఎవరో ఒకరు వచ్చి బటన్ నొక్కాలా, లేదా? గాలి ఆగితే పూట గడవదు వీటికి.”

“నొక్కుతానని ఒకాయన ఎన్నేళ్ళనుంచి అడుగుతున్నారు?”

ఆ ఒకాయన అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. గడియారాలు చూసే భూతద్దం నుదుటిమీదికి తోసుకుని, “పిలిచావా చెల్లెమ్మా?” అన్నాడు.

“పిలవలేదు గానీ, రండన్నయ్యా.”

ఆమెను చెల్లెమ్మా అని పిలవడం మొదలుపెట్టి, ఆ లెక్కన చేపలాయన్ని బావగారిని చేసుకున్నాడు గడియారాలాయన. ఎనిమిదేళ్ళ కిందట, ఆమె తమ్ముడి పెళ్ళికి అందరూ రెండు రోజులు ఊరెళ్తే, షాపు తాళమూ మేత డబ్బాలూ ఈయన చేతిలోనే పెట్టారు. పొద్దున్నొకసారి వేస్తే చాలన్నారు. ఈయన గాజు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా చేపలు గుంపుగా పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. మనిషిని చూస్తే అవి ఎప్పుడూ అంతే. పాపం ఆకలి అనుకున్నాడు ఈయన. పొద్దున్న వేశాడు, మధ్యాహ్నం వేశాడు, సాయంత్రం మనసొప్పక మళ్ళీ వచ్చి వేశాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి తొట్లలో నీళ్ళు గంజిలా ఉన్నాయి. సగానికి పైగా చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. చేపలాయన కంటే గడియారాలాయనే ఎక్కువ ఏడ్చాడు. చేపలాయన ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజునుంచి తాళంచెవి మాత్రం అతని జేబు దాటలేదు. అతనూ ఊరు దాటలేదు.

“బావగారూ, ఈసారి ఒక్క గింజ వేస్తే ఒట్టు” అన్నాడు గడియారాలాయన. “రావడం, బటన్ చూడడం, పోవడం. అంతే.”

“నోళ్ళు తెరుస్తాయి.”

“తెరవనివ్వండి.”

“చూస్తూ ఊరుకుంటారా?”

 గడియారాలాయన చూపు పక్క తొట్టి మీదికి పోయింది. ఒక బొద్దు చేప అప్పుడే గాజుకి ముక్కు ఆనించి ఆయన్నే చూస్తోంది. “ఊరుకుంటాను... ఇదొక్కటే మరీ దీనంగా చూస్తుంది బావగారూ” అన్నాడు.

భార్య నవ్వింది. కోపంగా ఉన్నానన్న సంగతి మరిచిపోయి మరీ నవ్వింది. చేపలాయనకీ నవ్వొచ్చింది గానీ, వెనకే భయమూ వచ్చింది. మనిషి బంగారం. చేతిలో డబ్బా ఉంటే మాత్రం ఆగలేడు.

ఇంతలో ఫోన్ మోగింది. బ్యాంకు అమ్మాయి. “సార్, మీరు పొద్దున్న అడిగిన మూడు సీట్లు, మూడు రాత్రులు హోటలు. ఖాయం చేసేయమంటారా? సముద్రంవైపు గదులు రెండే మిగిలాయి.”

ఆ గది అతనికి పొద్దుటినుంచీ కళ్ళకి కట్టినట్టే ఉంది. పెద్ద కిటికీ, దాని ముందు ముగ్గురూ వరసగా నిలబడి దిగిన ఫోటో. ఆ ఫోటో తీసిందెవరని ఇప్పుడు మొదటిసారి ఆలోచించాడు. హోటలు మనిషెవరో అయ్యుంటాడు.

భార్య అప్పటికే శుభ్రంగా ఉన్న గాజుని మళ్ళీ తుడుస్తోంది. కూతురు పుస్తకం తెరిచే ఉంది, పేజీ తిరగడం లేదు. తల్లి ఫోనువైపే చెవి ఒగ్గి కూర్చుంది. గల్లాపెట్టె వెనక అరలో మేత డబ్బాలు చిన్నవీ పెద్దవీ వరసగా ఉన్నాయి. చేపలాయన వాటివంక కాసేపు చూశాడు.

“సార్, లైన్లో ఉన్నారా?”

“ఉన్నానమ్మా. హోటలు వద్దు. నాలుగు సీట్లు రాసుకోండి.”

ఫోన్ పెట్టేసి గడియారాలాయనవైపు తిరిగాడు.

“వచ్చే నెల ఐదో తారీకున తాళంచెవి మీకిస్తాను బావగారూ. మేత డబ్బాలు మాత్రం మాతోపాటు విమానం ఎక్కుతాయి.”