అన్నకు చదివి చెప్పని కాగితం

మొన్న ఆదోనిలో ఎకో పరీక్షకు పోయాను. చొక్కా విప్పి ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే, అక్కడి అమ్మాయి ఛాతీకి చల్లని గుజ్జు రాసి పక్కటెముకల మధ్య మిషన్ ఒత్తుతూ ఉంటే, పదిహేను రోజుల కిందట వచ్చిన గుండెపోటు నా గుండెను ఎంత పాడుచేసిందో అన్న దిగులు కూడా పక్కకు పోయి మా అన్నే గుర్తొచ్చాడు.

మా అన్న ఆదోని పత్తి మార్కెట్‌లో హమాలీ. నాయన పోయినప్పటినుంచి వీపు మీద పత్తి బోరాలు మోసి, నన్ను ఎమ్మిగనూరు హాస్టల్లో పెట్టి చదివించి టీచరును చేశాడు, తను మాత్రం బస్సు బోర్డు కూడా నన్నడిగే తెలుసుకునేవాడు. మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఇంట్లో ఒక్కడు చదువుకుంటే రేషన్ కార్డు నుంచి కోర్టు నోటీసు దాకా అన్నీ వాడి చేతికే వచ్చేవి, వాడు చెప్పిందే వేదం.

ఒక శ్రావణంలో అన్న రొమ్ము నొప్పి అంటే గ్యాసనుకుని రెండు రోజులు సోడా తాగించాం. చివరికి కర్నూలు తీసుకుపోతే గుండెపోటు వచ్చిందన్నారు. ఎకో మిషన్ అప్పుడు ఆదోనిలో ఎక్కడుంది, కర్నూల్లోనే. నలుపు తెలుపు తెర మీద అన్న గుండెను డాక్టరు నాకు చూపించి, ఈ పక్క గోడ కదలడం లేదు, దీని పని కూడా మిగతా కండే చేస్తోంది, మూడు నెలలు బరువెత్తకుండా, మాత్రలు మానకుండా ఉంటే కొంత తేరుకోవచ్చు, అప్పుడు మళ్లీ చూద్దాం అన్నాడు. రిపోర్టులోనూ అదే ఇంగ్లీషులో ఉంది.

గది బయట వదిన నా చెయ్యి పట్టుకుంది. "మీ అన్నకు సెప్పొద్దప్పా, వింటే భయానికే పోతాడు." రోగికి రోగం దాచడమే ప్రేమ అనుకునే ఇళ్లు మనవి. బెంచీ మీద కూర్చున్న అన్న, "ఏమప్పా, ఏం రాసినారు?" అన్నాడు. నేను కాగితం చూస్తూనే, "ఏం లేదన్నా, అంతా బాగుందంట. కొన్నాళ్లు రెస్టు తీసుకోమన్నారు" అని, మడిచి సంచిలో పెట్టుకున్నాను.

బాగున్నప్పుడు మాత్రలెందుకని నెలకే మానేశాడు. దసరా దాటి మార్కెట్‌కు పత్తి రావడం మొదలుకాగానే పనికి బయలుదేరాడు. వదిన కాళ్లావేళ్లా పడితే, "తమ్ముడు సదివి సెప్పినాడు, నీకేం తెలుసు?" అన్నాడట. మూడో రోజు కాటా దగ్గర వీపు మీది బోరెంతో పాటు కూలిపోయాడు. నేను పనిచేసే ఎమ్మిగనూరు నుంచి వచ్చేసరికి ఇంటి ముందు పడుకోబెట్టి ఉంచారు. ఆయుష్షు అంతే అన్నారు బంధువులు, నేనూ సిగ్గులేకుండా తలూపాను. వదిన ఈనాటికీ నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

మొన్న పరీక్ష అయ్యాక డాక్టరు నన్ను బయట కూర్చోమని మా అమ్మాయిని లోపలికి పిలిచాడు. చాలాసేపటికి వచ్చింది. "ఏం లేదు నాయనా, అంతా బాగుందంట. కొన్నాళ్లు రెస్టు తీసుకోమన్నారు" అంటూ కవరు చేతిసంచిలో పెట్టుకుంది. నా మొహం చూడలేదు. ఆ రోజు నేనూ అన్న మొహం చూడలేదు.

ఎంత మారింది! కర్నూలు బస్సు కోసం పడిగాపులు లేవు, మిషన్ మన ఆదోనిలోనే ఉంది, తెర మీద నెత్తురు ఎరుపు నీలం రంగుల్లో కనబడుతుంది. మాట మాత్రం అదే. కవరు అడిగి తీసుకున్నాను, మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకున్నా ఇవ్వక తప్పలేదు. నా గుండెలోనూ ఒక గోడ కదలడం లేదట. చదివి తెలుసుకోవడానికి నాకు అన్న చెప్పించిన చదువుంది. అన్నకు ఉన్నది నేనొక్కణ్ణే.