మరిది నాటకానికి పట్నం వేషాలు

మొన్న మా మనవరాలి బడిలో వార్షికోత్సవమని, అందులో వేసే నాటికలో తను మార్వాడీ సేటునని చెప్పి, అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ సంచీ ఒకటి నా మంచం మీద బోర్లించింది. ముందే చుట్టి కుట్టేసిన తలపాగా, రబ్బరు దారంతో చెవులకు తగిలించుకునే మీసాలు, జిగేలుమనే కోటు. ఆ తలపాగాను టోపీలాగా నెత్తిన బోర్లించుకుని "ఎట్లున్న నానమ్మా?" అంది. బాగున్నావనే అన్నాను, పసిదాన్ని నొప్పించడమెందుకు? కానీ అది పాలు తాగడానికి వంటింట్లోకి పోగానే కత్తెర తీసి ఆ కుట్లన్నీ విప్పేశాను. అద్దెకిచ్చినవాడు ఏమనుకుంటే నాకేం? తలపాగా కట్టాలి గానీ కుట్టడమేమిటి! బట్టను మోకాలి మీద వేసుకుని చుట్టూ మడతలు పెడుతుంటే, నాటకానికి నేను వేషాలు కుట్టిన రోజులన్నీ ఒక్కసారి చుట్టుముట్టాయి.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో, బట్టకు కటకటగా ఉన్న రోజుల్లో, వర్ధన్నపేట నుంచి వరంగల్ బజారులోని బట్టల వర్తకుల ఇంటికి కోడలిగా వచ్చాను. కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణం తెరిచి ఉన్నంతసేపూ ఆడవాళ్ళు మెట్లు దిగకూడదన్నది మా మామగారి కట్టడి. మా అత్తగారు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ కట్టడిలోనే బతికిన మనిషి, దాన్ని నా మీద నిలబెట్టడంలో మామగారి కంటే ఆవిడే గట్టిది. బజారు వైపు చెక్కపలకల కిటికీ ఒకటుండేది. పని తెమలగానే నేను దాని దగ్గర చేరేదాన్ని. ఆవిడ మాత్రం ఆ వైపే వచ్చేది కాదు, కిటికీకి అతుక్కుపోయే కోడలు దొరికిందని వంటింట్లోంచే సణిగేది.

మా మరిది పట్నంలో చదువుకుంటూ సెలవులకు వచ్చాడు. పట్నమంటే అప్పట్లో మాకు హైదరాబాదే. అక్కడ తాను అద్దెకున్న ఇంటి మీద నాటకం రాశాడు. ఒకే వాకిలి, ఒకే నీళ్ళ నల్లా, దాని చుట్టూ మార్వాడీ సేటు, అత్తరు అమ్మే సాహెబు, మరాఠీ పంతులు, రైల్వేలో పనిచేసే అరవాయన, మనవైపు నుంచి పొట్ట చేతపట్టుకుని పోయిన ఒక సాలె ఆయన. వీళ్ళ పోట్లాటలూ, మళ్ళీ ఒకరి ఇంట్లో జబ్బు చేస్తే మిగతావాళ్ళు పడే ఆరాటమూ. హనుమకొండ బడిలో ఆడాలని స్నేహితులంతా ముచ్చటపడ్డారు. తీరా వేషాలు అద్దెకిచ్చేవాడి దగ్గరకు పోతే కిరీటాలు, గదలు, భుజకీర్తులు తప్ప మామూలు మనిషి వేసుకునే చొక్కా ఒక్కటి లేదట. పుట్టింట్లో కుట్టుపని నేర్చుకున్నదాన్ని కాబట్టి నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. పట్నం ముఖమే ఎరగనిదాన్ని నేనేం కుడతానంటే, "మన బజార్ల తిరిగేటోళ్ళే వదినా, పట్నంల జర ఎక్కువమంది ఉంటరు, గంతే" అన్నాడు.

అంతే, నాకు హుషారు వచ్చేసింది. దుకాణంలో మిగిలిన ముక్కలు, మామగారి పాత కోట్లు, పెట్టె అడుగున పడి ఉన్న పంచెలు ముందేసుకున్నాను. సేటు తలపాగా ఏ పక్క నుంచి మొదలై ఏ మడతలో ముగుస్తుందో కళ్ళు మూసుకుని కట్టగలిగేదాన్ని. అట్టకు ఎర్రబట్ట అతికించి సాహెబుకు కుచ్చుటోపీ చేశాను. పంతులు నల్లటోపీ మీది నొక్కు, అరవాయన పిలకముడి, భుజం మీద ఉత్తరీయం పడే తీరు, ఒక్కటీ తప్పిపోలేదు. మా పెరటి వాకిట్లో అందరికీ తొడిగించి నిలబెడితే, మేడ మీద నుంచి చూసి నాకు నేనే మురిసిపోయాను.

మర్నాడు బడిలో వేదిక ఎక్కి ఆడి చూసుకున్నారట. మా మరిది నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో వచ్చాడు. "వదినా, నడుము మీద అందరు పట్నపోళ్ళే గనీ, నడుము కింద అందరు మన దుకాణపోళ్ళే!" అన్నాడు. నిజమే, అందరికీ మా ఇంటి మగవాళ్ళ తీరున ఒకే పంచెకట్టు, ఒకే రకం చెప్పులు. బజారు మనుషులను నేను చూసిందంతా పైనుంచే. వాళ్ళ నెత్తులూ భుజాలూ నాకు కంఠతా వచ్చు, కిటికీ కింది చూరు అడ్డొచ్చి కాళ్ళు మాత్రం ఎప్పుడూ కనిపించలేదు. నాటకం చూసేవాళ్ళేమో కింద కూర్చుని తల పైకెత్తి చూస్తారు, వాళ్ళ కళ్ళకు మొదట ఆనేవి కాళ్ళే కదా!

మా మరిది పోయి మామగారిని బతిమాలాడు. చివరికి, దుకాణం లోపలి గదిలో తెర వెనక ఒక్క పూట కూర్చోవడానికి నాకు అనుమతి దొరికింది. తెల్లటి పరుపు మీద కూర్చుని బట్ట చూడాలంటే ఎవరైనా చెప్పులు గడప దగ్గర విడవాల్సిందే కాబట్టి, నాకు కావలసినదంతా అక్కడే వరస కట్టింది. సేటువి ముందుకు మొనదేలిన జోళ్ళు. సాహెబువి వెనక భాగం మడమల కింద అణిగిపోయిన బూట్లు, నమాజుకు మాటిమాటికీ విడవాలి గనుక ఆయన వాటిని పూర్తిగా తొడుక్కునేవాడే కాదు. పంతులు వెనక్కి బిగించి దోపిన పంచెకట్టు, అరవాయన మోకాళ్ళ దాకా ఎత్తి కట్టిన పంచె, ఎప్పుడూ ఏమీ తొడగని సాలె ఆయన పగిలిన పాదాలు. ఆ పూట నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

వేషాలన్నీ సరిచేసి బుట్టలో పెట్టాక అసలు కోరిక బయటపెట్టాను. ఒక్కసారి వాటిని వేదిక మీద చూడాలి. మా ఇంటి ఆడవాళ్ళు నాటకాలకు పోరని మామగారు తేల్చేశారు. మా ఆయన తండ్రి ముందు నోరు మెదిపే రకం కాదు. నాటకం నాటి మధ్యాహ్నం బుట్ట నా కళ్ళముందే మెట్లు దిగిపోతుంటే దుఃఖం ఆగలేదు, వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. అత్తగారు చూసింది. కాసేపటికి పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకుని, భోజనానికి కూర్చున్న మామగారి ఎదుట నిలబడి, "నేను నాటకానికి పోతాన. ఒక్కదాన్ని పోతే మంచిగుండది, కోడలు నా ఎంబడి ఉండాలె. బండి కట్టియ్యుండ్రి" అంది. అన్నేళ్ళ కాపురంలో ఆవిడ నోట వినని మాట కావడం వల్లనో ఏమో, మామగారు తల ఎత్తకుండానే సరేనన్నారు.

గూడుబండిలో పోయి ఆడవాళ్ళ వైపు జంపఖానా మీద, వెదురు పుల్లలతో అల్లిన చిక్కుతెర వెనక కూర్చున్నాం. తెర లేచింది. నల్లా చుట్టూ అందరూ ఒక్కొక్కరే వచ్చి నిలబడుతుంటే చుట్టుపక్కల ఆడవాళ్ళు అదిగో సేటు, ఇదిగో పంతులు అని గుర్తుపట్టి నవ్వుతున్నారు. అత్తగారు నవ్వలేదు. ముందుకు వంగి, చిక్కుతెరను చేత్తో పక్కకు జరిపి, రెప్ప వేయకుండా చూస్తూ నా చెవిలో, "వీళ్ళందరు మన బజార్లనే తిరుగుతరా పిల్లా?" అని అడిగింది. అవునన్నాను. "ఇన్నేండ్ల సంది వీళ్ళ నెత్తిమీదనే ఉన్న, ఒక్కరి మొకం సుత ఎరగకపోతి" అంది.

వేషాలెట్లా వచ్చాయని తర్వాత మరిది అడిగితే, బ్రహ్మాండంగా వచ్చాయన్నాను. నిజానికి నేను చూసింది తక్కువ. ఆ సాయంత్రమంతా మా అత్తగారి ముఖమే చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఏ నాటకానికి పోయినా ఆడపిల్లలదే ముందు వరస, వేదిక మీదా వాళ్ళే. అది చూస్తే నా కడుపు నిండుతుంది. బజారులో మాత్రం సేటు మనవడూ, సాహెబు మనవడూ, మా మనవడూ ఒకే రకం ప్యాంట్లలో పోతుంటారు, ఎవరు ఎవరో నాకు తెలియదు. వేషాలు కలిసిపోయినందుకు నాకు దిగులేమీ లేదు. కానీ ఎవరి ఫోన్‌లో వాళ్ళు తల వంచుకుని పక్కపక్కనే పోతున్న ఆ పిల్లలను చూసినప్పుడల్లా, ఎదుటి మనిషి ముఖం ఒక్కసారి చూడటం కోసం పట్టుచీర కట్టుకుని మొగుడి ముందు నిలబడిన మా అత్తగారే గుర్తుకొస్తుంది.